తెలియని కొండకు రాసిన ఒప్పందం: గోథార్డ్ రైలు సొరంగం

1872 ఆగస్టు 7న స్విట్జర్లాండ్‌లోని గోథార్డ్ రైల్వే కంపెనీకీ, జెనీవాకు చెందిన గుత్తేదారు లూయీ ఫావ్ర్‌కూ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఆల్ప్స్ నడిమి గోథార్డ్ కొండల కింద, ఉత్తరాన గ్యోషెనెన్ అనే పల్లె నుంచి దక్షిణాన ఐరోలో అనే పల్లె దాకా, సుమారు 15 కిలోమీటర్ల పొడవున, రెండు రైలు మార్గాలు పట్టేటంత సొరంగాన్ని ఫావ్ర్ ఎనిమిదేళ్ళలో తవ్వి అప్పగించాలి. హామీగా 80 లక్షల ఫ్రాంకుల ధరావతు కట్టాలి. గడువు దాటితే మొదటి ఆరు నెలలూ రోజుకు 5,000 ఫ్రాంకులు, ఆ తరువాత రోజుకు 10,000 ఫ్రాంకులు జరిమానా. ఏడాది గడిచినా పని పూర్తికాకపోతే ధరావతు మొత్తం కంపెనీ పరమవుతుంది. గడువుకు ముందే ముగిస్తే అదే లెక్కన గుత్తేదారుకు బహుమానం.

సంతకాలు జరిగిన రోజున ఆ కొండ కడుపులో ఏముందో ఇరుపక్షాలకూ తెలియదు. పైన బయటపడి ఉన్న రాతి పొరలను చూసి లోపలి పొరలు ఎటు వంగి ఉంటాయో భూగర్భ శాస్త్రజ్ఞులు అంచనా కట్టారు. ఎక్కడ నీళ్ళు పడతాయి, ఎక్కడ రాయి మెత్తబడుతుంది, ఎంత వేడి ఉంటుంది అన్నవి తవ్వి తెలుసుకోవలసినవే. అయినా గడువు మాత్రం రోజుల లెక్కతో సహా కాగితం మీదికెక్కింది. గోథార్డ్ సొరంగాన్ని యంత్రాల విజయగాథగా చెప్పే పుస్తకాలకు కొదవ లేదు. ఆ విజయం నిజమే. కానీ ఈ సొరంగం చరిత్రకు మూలం ఆ ఒప్పందంలోనే ఉందని నా అభిప్రాయం. కొండ లోపలి అనిశ్చితినంతా కంపెనీ ఒక మనిషి నెత్తిన పెట్టింది. ఆయన దాన్ని తన కింద పనిచేసిన వేలమంది మీదికి దించాడు. తరువాతి పదేళ్ళలో అక్కడ జరిగినవాటిలో చాలామటుకు ఈ బరువు చేతులు మారిన తీరునుంచే వచ్చాయి.

గోథార్డ్ కనుమ సముద్రమట్టానికి 2,100 మీటర్ల పైన ఉంటుంది. జర్మనీ వైపు నుంచి ఇటలీకి పోవడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. మిగతా చాలాచోట్ల ఒకటికన్నా ఎక్కువ శ్రేణులు దాటాలి. ఇక్కడ ఒకే ఎక్కు, ఒకే దిగుడు. అయితే ఉత్తరపు వాలున రాయిస్ నది కోసిన షోలెనెన్ లోయ నిట్టనిలువు గోడల మధ్య ఇరుక్కుని ఉంటుంది. అక్కడి వంతెనకు జనం పెట్టుకున్న పేరు సైతాను వంతెన. 1708లో పియెత్రో మొరెత్తీని అనే ఇంజనీరు ఆ లోయలో 64 మీటర్ల పొడవున రాయి తొలిచి బాట తీశాడు. ఆల్ప్స్‌లో దారి కోసం తవ్విన తొలి సొరంగాల్లో అదొకటి. పంతొమ్మిదో శతాబ్దంలో గుర్రపు బండ్లు నడిచే రోడ్డు వచ్చింది, 1842 నుంచి తపాలా బండి రోజూ కనుమ దాటింది. చలికాలంలో ఆ బండి స్థానంలో మంచు మీద జారే చిన్న బళ్ళు నడిచేవి. మంచు పెళ్ళలు విరిగిపడితే అవీ ఆగిపోయేవి.

1850ల నాటికి ఐరోపా అంతా పట్టాలు పరుచుకుంటూ ఆల్ప్స్ పాదాల దగ్గర ఆగింది. పడమట ఫ్రాన్సుకూ ఇటలీకీ మధ్య మోంట్ సెనీ సొరంగం 1857లో మొదలై 1871లో తెరుచుకుంది. తూర్పున ఆస్ట్రియా బ్రెనర్ కనుమ మీదుగా 1867లోనే రైలు నడిపింది. మధ్యలో ఉన్న స్విట్జర్లాండ్‌కు ఇది ప్రాణసంకటం. సరకు రవాణా తమ దేశాన్ని పక్కన పెట్టి రెండువైపులా పోతుందన్న భయంతో ఒక్కో ప్రాంతం ఒక్కో కనుమను ముందుకు తెచ్చింది: సింప్లన్, లుక్‌మానియర్, స్ప్లూగెన్, గోథార్డ్. గోథార్డ్ పక్షాన నిలిచిన బలమైన మనిషి జ్యూరిక్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్ ఎషర్. రాజకీయ నాయకుడు, రైల్వే అధినేత, స్విస్ క్రెడిట్ బ్యాంకు స్థాపకుడు. 1869లో స్విట్జర్లాండ్, ఇటలీ ఒప్పందం చేసుకున్నాయి. కొత్తగా ఏకమైన జర్మనీ 1871లో వాటితో చేరింది. మొత్తం మార్గానికి 18.7 కోట్ల ఫ్రాంకులు అవుతుందని లెక్కగట్టారు. ఇందులో ఇటలీ 4.5 కోట్లు, జర్మనీ, స్విట్జర్లాండ్ రెండేసి కోట్ల చొప్పున ఇస్తాయి. మిగిలిన సొమ్ము వాటాల ద్వారా, బాండ్ల ద్వారా రావాలి. ఎషర్ కంపెనీకి అధ్యక్షుడయ్యాడు.

మూడు దేశాల ఖజానాలు చేతులు కలిపిన చోట అదనపు ఖర్చుకు ఎవరూ సిద్ధంగా ఉండరు. కాబట్టి కంపెనీకి కావలసింది ఖాయమైన ధర, ఖాయమైన తేదీ. మోంట్ సెనీ సొరంగం తవ్విన అనుభవమున్న ఇటలీ ఇంజనీరు సెవెరీనో గ్రత్తోనీ కూడా టెండరులో పాల్గొన్నాడు. ఆయన ఫావ్ర్ కన్నా ఎక్కువ ధర, ఎక్కువ సమయం అడిగాడు. అనుభవం ఉంది గనుకే అడిగాడనుకోవాలి. ఫావ్ర్ తక్కువకు, తక్కువ గడువుకు ఒప్పుకున్నాడు. 1826లో జెనీవా దగ్గరి షేన్‌లో వడ్రంగి కొడుకుగా పుట్టిన ఫావ్ర్ పెద్ద చదువులు చదవలేదు. ఫ్రాన్సులో రైలు పనుల మీద సొంతంగా ఎదిగినవాడు. అంతకుముందు ఆయన తవ్వినవన్నీ చిన్న సొరంగాలే. ధైర్యానికి తక్కువ లేదు, కూలీల మధ్య నిలబడి పని చేయించే నేర్పుకూ తక్కువ లేదు. కొండను మాత్రం తక్కువ అంచనా వేశాడు.

1872 శరత్కాలంలో రెండు కొసలనుంచీ పని మొదలైంది. అంత పొడవైన సొరంగాన్ని రెండు చివరలనుంచే తవ్వాలి. పైన వెయ్యి మీటర్లకు మించిన కొండ ఉన్నప్పుడు మధ్యలో నిలువు బావులు దించడం కుదరదు. రెండు జట్లూ చీకట్లో ఒకదానికొకటి ఎదురు రావాలంటే కొలత తప్పకూడదు. 1869లో ఒట్టో గెల్ప్‌కె శిఖరాల మీద గుర్తులు నిలిపి త్రిభుజాల పద్ధతిన కొండను కొలిచాడు. తరువాత కార్ల్ కొప్పె వేరుగా మరోసారి కొలిచి సరిచూశాడు. ఐరోలో దగ్గర సొరంగం వంపు తిరుగుతుంది గనుక, దుర్బిణితో నేరుగా లోపలికి చూడటానికి ఒక తిన్నని చిన్న సొరంగాన్ని విడిగా తవ్వారు.

తవ్వే శక్తి నీటినుంచి వచ్చింది. గ్యోషెనెన్‌లో రాయిస్ నది, ఐరోలోలో ట్రెమోలా వాగు, తరువాత టిచీనో నది టర్బైన్లను తిప్పాయి. ఆ టర్బైన్లు గాలిని అదిమి గొట్టాలలోకి పంపాయి. జెనీవా శాస్త్రజ్ఞుడు కొలాడాన్ రూపొందించిన కంప్రెసర్లు ఇందుకు పనికొచ్చాయి. అదిమిన గాలి డ్రిల్లింగ్ యంత్రాలను నడిపేది, బయటికి వదిలినప్పుడు కూలీలకు ఊపిరీ అదే. సొరంగం ముందు కొసన బండి మీద బిగించిన కొన్ని డ్రిల్లులు రాతిలో మీటరుకు పైగా లోతు రంధ్రాలు వేసేవి. తరువాత బండిని వెనక్కి లాగి, రంధ్రాల్లో డైనమైట్ కూరి పేల్చేవారు. నోబెల్ 1867లో పేటెంటు తీసుకున్న డైనమైట్‌ను ఇంత పెద్ద పనిలో వాడటం కొత్త. పొగ పలచబడేలోగానే కూలీలు రాళ్ళు ఎత్తడానికి ముందుకు వెళ్ళేవారు, ఎందుకంటే తరువాతి పేలుడుకు స్థలం ఖాళీ చేయాలి. పగలూ రాత్రీ ఎనిమిదేసి గంటల వంతుల్లో ఇదే వరస. రాతి ముక్కలను బయటికి లాగడానికి గుర్రాలు, తరువాత అదిమిన గాలితో నడిచే చిన్న ఇంజన్లు. ఆవిరి ఇంజను లోపలికి వెళ్ళే వీలు లేదు, దాని పొగకు మనుషులు ఆగలేరు.

ఫావ్ర్ ఎంచుకున్న పద్ధతి గురించి నిపుణుల్లో అప్పుడే వాదులాట నడిచింది. ఆయన బెల్జియం పద్ధతిని అనుసరించాడు: ముందు సొరంగం కప్పు ఎత్తున చిన్న బాట తవ్వి, దాన్ని పక్కలకు విస్తరించి రాతి కమాను కట్టి, ఆ తరువాత కిందికి తవ్వుతూ కమాను కాళ్ళ కింద గోడలు లేపుతారు. ముందు బాట వేగంగా సాగుతుంది, ఎన్ని మీటర్లు పోయిందో రోజూ చూపించుకోవచ్చు. గట్టి రాతిలో ఇది నడుస్తుంది. రాయి కుంగే చోట కాళ్ళు లేని కమాను నిలవదు. కింది బాట ముందు తవ్వి పైకి పోవాలన్న ఆస్ట్రియా, జర్మనీ ఇంజనీర్ల వాదనలో బలముంది. కానీ రోజుకు ఇన్ని ఫ్రాంకుల జరిమానా తల మీద వేలాడుతున్నవాడికి ముందుకు పోయిన మీటర్లే కనిపిస్తాయి. పద్ధతిని ఎంచుకున్నది ఫావ్రే అయినా, ఆ ఎంపికలో ఒప్పందం చేయి కూడా ఉంది.

కొండ తన సంగతి త్వరగానే తెలియజేసింది. ఐరోలో వైపు మొదటి ఏడాదిలోనే నీళ్ళు విరుచుకుపడ్డాయి. సెకనుకు రెండు వందల లీటర్లకు పైగా నీరు కప్పునుంచి, పక్కలనుంచి చిమ్మేది. కూలీలు మోకాలి లోతు ప్రవాహంలో, వానలో తడిసినట్టు తడుస్తూ తవ్వారు. గ్యోషెనెన్ వైపు మొదట గ్రానైట్. కష్టమైనా నమ్మదగిన రాయి. అయితే ఆండర్‌మాట్ మైదానం కిందికి వచ్చేసరికి, ముఖద్వారం నుంచి సుమారు 2,800 మీటర్ల దూరంలో, రాయి చితికి బంకమట్టిలా మారింది. అక్కడ వేసిన కలపను కొండ నలిపేసింది, దాని వెనక కట్టిన రాతి కమానునూ నలిపేసింది. కొన్ని పదుల మీటర్ల ఆ ముక్కను మళ్ళీ మళ్ళీ విప్పి, మరింత మందంగా కట్టవలసి వచ్చింది. పనివాళ్ళు ముందు కొసన కిలోమీటర్ల కొద్దీ దూరం పోయినా వెనక ఈ చోటు మాత్రం నిలవలేదు. లోపలికి వెళ్ళేకొద్దీ వేడి పెరిగింది. మధ్యలో 30 డిగ్రీలు దాటింది, గాలిలో తేమ నిండిపోయింది. బయట మంచు, లోపల ఉడుకు. చెమటతో నిలువునా తడిసిన మనుషులు వంతు ముగియగానే గడ్డకట్టే చలిలోకి నడిచారు.

ఆ మనుషుల్లో దాదాపు అందరూ ఇటలీ ఉత్తర ప్రాంతాలవాళ్ళు. పియెమాంట్, లొంబార్డీ పల్లెల బీద రైతు కుటుంబాలనుంచి వచ్చినవాళ్ళు. గ్యోషెనెన్, ఐరోలో అంతకుముందు చిన్న పల్లెలు. ఒక్కసారిగా వేలమంది చేరారు. ఒకే మంచాన్ని వంతులవారీగా పంచుకున్నారు. ఒకరు పనికి లేస్తే మరొకరు పడుకోవడానికి వచ్చేవారు. దొడ్లు లేవు, మంచి నీళ్ళు చాలవు. రోజు కూలి మూడు నాలుగు ఫ్రాంకుల మధ్య ఉండేది. అందులోంచే దీపపు నూనెకూ వాళ్ళే పెట్టుకోవాలి, కూలిలో కొంత కంపెనీ దుకాణంలో మాత్రమే చెల్లే చీటీలుగా ఇచ్చేవారు. తిండి దినుసుల ధర ఆ దుకాణం పెట్టిందే ధర.

1875 జులై 27న గ్యోషెనెన్‌లో పని ఆగింది. పేలుడు పొగ తగ్గకముందే లోపలికి పొమ్మనడం మీద మొదలైన గొడవ అది. కూలీలు సొరంగం ముఖద్వారాన్ని అడ్డగించి రోజుకు ఒక ఫ్రాంకు ఎక్కువ కూలి అడిగారు. మరునాడు యూరి కాంటన్ (రాష్ట్ర) ప్రభుత్వం పంపిన సాయుధులు కొద్దిమంది ఊళ్ళోకి వచ్చారు. రాళ్ళు పడ్డాయి, కాల్పులు జరిగాయి. నలుగురు ఇటలీ కూలీలు చనిపోయారు. స్విస్ ఫెడరల్ ప్రభుత్వం విచారణకు హాన్స్ హోల్డ్‌ను పంపింది. కూలీల బసలూ, పారిశుధ్యమూ, సొరంగంలోని గాలీ ఎంత హీనంగా ఉన్నాయో ఆయన విచారణలో నమోదైంది. ఆ తరువాత పెద్దగా మారిందేమీ లేదు. గాలి బాగుపడాలంటే కంప్రెసర్లు పెంచాలి, ఊపిరికి వదిలిన గాలి డ్రిల్లుకు తగ్గుతుంది. బసలు కట్టాలంటే డబ్బు కావాలి. ఈ రెండింటిలో ఏది చేసినా గుత్తేదారు సొంత సంచి లోంచే పోతుంది. కాల్పుల్లో పోయిన నలుగురి ప్రాణాల వెనక ఈ లెక్క ఉంది, దాన్ని ఫావ్ర్ క్రూరత్వం అని ఒక్క మాటలో తేల్చడం నాకు న్యాయంగా తోచదు. ఆయన చేతులు కట్టేసినవాళ్ళు జ్యూరిక్, బెర్లిన్, రోమ్ నగరాల్లో సురక్షితంగా ఉన్నారు.

వాళ్ళ లెక్కలూ తప్పాయి. 1876లో కంపెనీ ముఖ్య ఇంజనీరు విల్‌హెల్మ్ హెల్‌వాగ్ కొత్తగా లెక్కవేసి, మొత్తం మార్గానికి అదనంగా 10.2 కోట్ల ఫ్రాంకులు కావాలని తేల్చాడు. కంపెనీ వాటాల విలువ కుప్పకూలింది. 1877లో లూట్సర్న్‌లో మూడు దేశాల ప్రతినిధులూ కూర్చుని, కొన్ని శాఖా మార్గాలను వాయిదా వేసి, కొన్నిచోట్ల రెండో పట్టా వదులుకుని అదనపు మొత్తాన్ని 4 కోట్లకు తగ్గించారు. స్విట్జర్లాండ్ వాటా సంగతి ప్రజల ముందుకు వెళ్ళింది. 1879 జనవరిలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటర్లు ఆమోదించారు. ఎషర్ అప్పటికే 1878లో పదవి వదులుకోవలసి వచ్చింది. గమనించవలసింది ఒకటి: కంపెనీ లెక్క తప్పినప్పుడు మూడు ప్రభుత్వాలు కూర్చుని భారం పంచుకున్నాయి. ఫావ్ర్ లెక్క తప్పినప్పుడు ఆ భారం ఆయన నెత్తినే మిగిలింది.

1879 జులై 19న ఫావ్ర్ ఒక ఫ్రెంచి ఇంజనీరుకు పని చూపించడానికి గ్యోషెనెన్ వైపునుంచి లోపలికి వెళ్ళాడు. తిరిగి వస్తుండగా ముఖద్వారానికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో కుప్పకూలి అక్కడే చనిపోయాడు. 53 ఏళ్ళు. జుట్టు అప్పటికే తెల్లబడి ముసలివాడిలా కనిపించేవాడని తెలిసినవాళ్ళు రాసుకున్నారు. సహాయకులు పని కొనసాగించారు. 1880 ఫిబ్రవరి 28 సాయంత్రం దక్షిణం వైపునుంచి వేసిన డ్రిల్లు ఎదుటి జట్టు బాటలోకి పొడుచుకు వచ్చింది. ఆ రంధ్రంలోంచి ఒక రేకు పెట్టెలో ఫావ్ర్ ఫోటో పెట్టి అవతలికి పంపారు. అందరికన్నా ముందు కొండ దాటవలసినవాడు ఆయనేనని కూలీలు, ఇంజనీర్లు కలిసి చేసిన పని అది. మరునాడు, లీపు సంవత్సరపు ఫిబ్రవరి 29న, చివరి గోడను పేల్చారు. రెండు బాటలూ పక్కకు 33 సెంటీమీటర్లు, ఎత్తులో 5 సెంటీమీటర్ల తేడాతో కలిశాయి. శిఖరాల మీద కర్రలు పాతి, దుర్బిణులతో కోణాలు చదివి చేసిన లెక్కకు ఇంతకన్నా మెచ్చుకోలు ఏముంటుంది! ఎషర్‌ను మాత్రం ఆ వేడుకకు పిలవలేదు.

బాటలు కలిసినా విస్తరించే పని, కమాను కట్టే పని చాలా మిగిలింది. సొరంగం 1881 చివరకు గానీ పూర్తి కాలేదు, అంటే ఒప్పందం గడువు దాటి ఏడాదికి పైగా అయింది. ఫావ్ర్ చనిపోయాక బాధ్యతలు వారసుల మీద పడ్డాయి. కంపెనీతో వ్యాజ్యం నడిచింది, ఫావ్ర్ ఆస్తి దాదాపు అంతా అందులో కరిగిపోయింది.

తవ్వకం సాగుతుండగానే సొరంగం లోపల ఒక వ్యాధి ముదిరింది. 1870ల చివరనుంచి కూలీలు పాలిపోయి, కొద్దిపాటి నడకకే రొప్పుతూ, గుండె దడతో పని మానేసి ఇళ్ళకు వెళ్ళిపోవడం పెరిగింది. చెడు గాలి వల్లనే అనుకున్నారు చాలాకాలం. 1880 తొలి నెలల్లో అలాంటి ఒక కూలీ టూరిన్ ఆసుపత్రిలో చనిపోయాడు. శవపరీక్షలో చిన్న పేగు నిండా కొంకి పురుగులు దొరికాయి. ఎదోయార్దో పెరొన్‌చీతో అనే పరాన్నజీవి శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ గోథార్డ్ నుంచి తిరిగివచ్చిన ఇతరులను పరీక్షిస్తే మళ్ళీ అవే. ఈ పురుగును ఆంజెలో దుబీని మిలాన్‌లో 1838లోనే చూశాడు. కానీ ఇది వేడి దేశాల రోగం. తడి మట్టిలో ఉత్తకాళ్ళతో పనిచేసే మన తీరాంధ్ర పల్లెలకు బాగా తెలిసిన రోగం. దాని గుడ్లు పొదగాలంటే వెచ్చదనం, తేమ కావాలి. ఆల్ప్స్ నేలలో అవి బతకవు. సొరంగంలో మాత్రం 30 డిగ్రీల వేడి ఉంది, ఆగని నీళ్ళున్నాయి, మరుగుదొడ్లు లేని వేలమంది మలం అదే బురదలో ఉంది. మంచుకొండ కడుపులో మనుషులే ఒక ఉష్ణమండలాన్ని తయారు చేశారు. పురుగు పిల్లలు చర్మం గుండా ఒంట్లోకి దూరతాయన్న సంగతి ఆర్థర్ లూస్ కైరోలో కనిపెట్టేసరికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ సంగతి తెలియకుండానే గోథార్డ్ కూలీలు ఆ బురదలో నిలబడి పనిచేశారు.

పనిలో ప్రమాదాలకు గురై చనిపోయినవారి సంఖ్య, లెక్కించిన తీరునుబట్టి, 177 అనో 199 అనో కనిపిస్తుంది. బళ్ళ కింద పడ్డవాళ్ళు, పేలుళ్ళలో పోయినవాళ్ళు, రాళ్ళు మీదపడి పోయినవాళ్ళు ఆ జాబితాల్లో ఉన్నారు. కొంకి పురుగుతో, ఊపిరితిత్తుల్లో చేరిన రాతి పొడితో ఇటలీ పల్లెలకు తిరిగి వెళ్ళి, ఒకటి రెండేళ్ళలో చనిపోయినవాళ్ళు ఏ జాబితాలోనూ లేరు. సొరంగం ఖరీదు చెప్పేటప్పుడు ఈ మాట వదిలేయకూడదు. ఈ అనుభవంవల్ల ఒక మేలైతే జరిగింది. 1898లో సింప్లన్ సొరంగం మొదలుపెట్టినప్పుడు గాలి కోసం పక్కనే సమాంతరంగా మరో బాట తవ్వారు. కూలీలకు స్నానపు గదులు, బట్టలు మార్చుకుని ఆరేసుకునే చోటు, లోపల మరుగుదొడ్ల ఏర్పాటు చేశారు. కొంకి పురుగు తెచ్చిన గోథార్డ్ రక్తహీనత అక్కడ పునరావృతం కాలేదు.

1882 జూన్ 1న మొత్తం మార్గం మీద రైళ్ళు నడిచాయి. సొరంగం ఒక్కటే గోథార్డ్ మార్గం కాదు. దాని నోటి దాకా ఎక్కడమే మరో ఘనకార్యం. ఉత్తరాన 472 మీటర్ల ఎత్తునున్న ఎర్స్ట్‌ఫెల్ట్ నుంచి 1,106 మీటర్ల ఎత్తునున్న గ్యోషెనెన్‌కు ఎక్కాలి. లోయ అంత ఎత్తుకు పట్టాలకు చాలినంత పొడవు ఇవ్వదు. అందుకని కొండ లోపలే చుట్టు తిరిగి పైకి తేలే సొరంగాలు తవ్వారు, ఉత్తరాన వాసెన్ దగ్గరి చుట్టు ప్రసిద్ధం. అక్కడి చర్చి ప్రయాణికుడికి మూడుసార్లు, మూడు వేర్వేరు ఎత్తులనుంచి కనిపిస్తుంది. దక్షిణాన దాట్సియో గ్రాందె, బియాస్కీనా లోయల్లో మరో నాలుగు చుట్లు. ముఖ్య సొరంగం లోపల పట్టాలు గ్యోషెనెన్ నుంచి మెల్లగా ఎక్కి 1,151 మీటర్ల దగ్గర శిఖరాన్ని చేరి ఐరోలో వైపు మరింత మెల్లగా వాలుతాయి. నీరు రెండువైపులా దానంతటదే పారాలని అలా పెట్టారు. 1883లో రెండో మార్గం కూడా వేశారు.

ఆవిరి ఇంజన్ల రోజుల్లో సొరంగం నడపడం అంటే పొగతో పోరాటం. రెండువైపులా గాలి ఒత్తిడిలో తేడా ఉంటే సహజంగా గాలి వీచి పొగను ఈడ్చుకుపోతుంది. తేడా లేని రోజున పొగ కదలదు. రైళ్ళ సంఖ్య పెరిగేకొద్దీ ఇది డ్రైవర్లకు, బొగ్గు వేసేవాళ్ళకు, అందరికన్నా ఎక్కువగా లోపల పట్టాలు బాగుచేసే ముఠాలకు ప్రాణాంతకంగా మారింది. తేమ, గంధకపు పొగ కలిసి పట్టాలను తినేసేవి; వాటిని తరచు మార్చాలి, మార్చడానికి మనుషులు ఆ పొగలోనే గంటలకొద్దీ ఉండాలి. 1899లో గ్యోషెనెన్ ముఖద్వారం దగ్గర ఇటలీ ఇంజనీరు సక్కార్దో పద్ధతిలో పెద్ద పంకా పెట్టి గాలిని లోపలికి తోశారు. కాస్త ఊరట దొరికింది.

అసలు పరిష్కారం యుద్ధం వల్ల వచ్చింది. 1909లో గోథార్డ్ కంపెనీ స్విస్ ఫెడరల్ రైల్వేలో కలిసింది. స్విట్జర్లాండ్‌లో బొగ్గు లేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో దిగుమతి సన్నగిల్లి రైళ్ళను కుదించవలసి వచ్చింది. నీళ్ళు మాత్రం కావలసినన్ని. రీటోమ్, ఆమ్‌స్టెగ్ జలవిద్యుత్ కేంద్రాలు కట్టి, 15,000 వోల్టుల తీగలు లాగారు. 1920లో సొరంగం గుండా విద్యుత్ రైలు నడిచింది. ఆ కొండల నీళ్ళే ఒకప్పుడు డ్రిల్లులకు గాలి అందించాయి, ఇప్పుడు ఇంజన్లకు కరెంటు ఇచ్చాయి. సరకు రైళ్ళ కోసం చేసిన పొడవాటి ముక్కుల ఆకుపచ్చ, గోధుమరంగు ఇంజన్లను జనం మొసళ్ళు అన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ బొగ్గు ఇటలీకి ఈ దారినే వెళ్ళింది. తటస్థ దేశమైన స్విట్జర్లాండ్ ఈ సంగతికి తరువాత ఎన్నో ప్రశ్నలు ఎదుర్కొంది. యుద్ధం తరువాత కార్లు పెరిగాయి. చలికాలంలో కనుమ మూసుకుపోయినప్పుడు కార్లను రైలు మీదికి ఎక్కించి ఐరోలోలో దింపేవారు. 1980లో రోడ్డు సొరంగం తెరిచాక ఆ సేవ ఆగింది.

గోథార్డ్ కూలీలను మొదట తలచుకున్నది ప్రభుత్వమూ కాదు, కంపెనీ కూడా కాదు. ఐరోలో ఉన్న టిచీనో ప్రాంతానికే చెందిన శిల్పి విన్‌చెంజో వెలా, ఎవరూ అడగకుండానే, 1882లో ఒక పెద్ద శిల్పఫలకం మలిచాడు. చనిపోయిన తోటివాణ్ణి స్ట్రెచర్ మీద మోసుకొస్తున్న సొరంగపు కూలీలు. శ్రమకు బలైనవాళ్ళు అని దానికి పేరు. 1883లో జ్యూరిక్ జాతీయ ప్రదర్శనలో అందరూ చూశారు. ఐరోలో స్టేషను దగ్గర దాన్ని కంచులో పోతపోసి నిలపడానికి 1932 దాకా పట్టింది.

రైళ్ళ వేగం, బరువు పెరిగేకొద్దీ 1,100 మీటర్ల ఎత్తుకు ఎక్కి దిగే దారి చాలలేదు. కొండ అడుగున, 550 మీటర్ల లోపు ఎత్తులో, 57 కిలోమీటర్ల కొత్త సొరంగం తవ్వాలని నిర్ణయించారు. ఈసారి పద్ధతి వేరు. ఆ దారిలో పియోరా అనే చోట చక్కెరలా పొడిపొడిగా, నీటితో నిండి ఉండే డోలమైట్ రాయి ఉందని శాస్త్రజ్ఞుల అనుమానం. అది సొరంగం ఎత్తుదాకా దిగి ఉంటే పథకమే చెడుతుంది. అందుకని ప్రధాన పనికి ముందే, 1993 నుంచి ప్రభుత్వ ఖర్చుతో ఒక పరిశోధక బాట, దానినుంచి లోతైన బోరు రంధ్రాలు వేశారు. 1996లో ఒక రంధ్రంలోంచి బురద, నీళ్ళు భయంకరంగా ఎగజిమ్మాయి. మరింత లోతున వేసిన రంధ్రాలు, సొరంగం పోయే మట్టాన రాయి పొడిగా, గట్టిగా ఉందని 1998 నాటికి తేల్చాయి. ఆ తరువాతే పెద్ద పనికి దిగారు. 2010 అక్టోబరు 15న బాటలు పక్కకు 8 సెంటీమీటర్లు, ఎత్తులో ఒక సెంటీమీటరు తేడాతో కలిశాయి. పనిలో తొమ్మిది మంది చనిపోయారు.

2016 జూన్ 1న కొత్త సొరంగాన్ని ప్రారంభించారు. ఫావ్ర్ సొరంగం గుండా ప్రాంతీయ రైళ్ళు, విహారయాత్రికుల రైళ్ళు నడుస్తూ వచ్చాయి. 2023 ఆగస్టు 10న కొత్త సొరంగంలో ఒక సరకు రైలు చక్రం విరిగి పట్టా తప్పింది. ఏడు కిలోమీటర్ల మేర పట్టాలు, స్లీపర్లు ధ్వంసమయ్యాయి. బాగుచేయడానికి ఏడాదికి పైగా, 2024 సెప్టెంబరు 2 దాకా పట్టింది. ఆ కాలంలో జ్యూరిక్, మిలాన్ల మధ్య తిరిగే ప్రయాణికుల రైళ్ళలో చాలావాటిని పాత దారికి మళ్ళించారు. అవి వాసెన్ చర్చి చుట్టూ తిరిగి, గ్యోషెనెన్ దగ్గర లోపలికి దూరి ఐరోలోలో బయటికి వచ్చాయి. ప్రయాణ సమయం సుమారు గంట పెరిగింది.